కూర్మమ్మ లక్ష్మివారం

అడిగిన మాటకి మనిషి సగమే జవాబు చెప్పి ఊరుకుంటే, చెప్పని ఆ సగం అబద్ధం కిందికి వస్తుందా రాదా అన్నది ఐదేళ్ళుగా నాకు తేలని అనుమానం. అరసవల్లిలో ఒక పెద్ద పూజారిగారిని అడిగాను ఒకసారి. "ఎవరితో, ఏ సందర్భంలో తల్లీ?" అన్నారాయన. అది చెప్పలేక తీర్థం పుచ్చుకుని వచ్చేశాను. ఆయన దగ్గర కూడా సగమే చెప్పానని బస్సెక్కాక తట్టింది.

సందర్భం ఐదేళ్ళ కిందటి వేసవి.

మాది గజపతినగరం దగ్గర పల్లె. రెండెకరాల వరి, మెట్ట మీద కాస్త జీడితోట. నేను ఏడో తరగతి దాకా చదివాను. సూర్యనారాయణమూర్తి మా ఇలవేల్పు. ఆదివారం తలంటుకుని, ఆయనకి నైవేద్యం పెట్టేదాకా పచ్చిగంగ ముట్టను. ఆదివారం చుట్ట కూడా ముట్టేదాన్ని కాదు. మిగతా ఆరు రోజులూ కాల్చేదాన్ని.

మా వైపు ఆడవాళ్ళు కాల్చేది అడ్డచుట్ట. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పొగ పీలుస్తారు. నాట్లు వేసేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు. నిప్పు లోపలుంటే వానకి ఆరదు, గాలికి రగిలి ఊరికే అయిపోదు, పక్కన మగవాళ్ళున్నా కనిపించదు. తొలిచూలు కడుపుతో వేవిళ్ళు పడుతుంటే మా అత్తగారే మొదటి చుట్ట నా చేతిలో పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు నా అంగిట్లో నిప్పు పెట్టుకుని తిరిగాను. ఆదివారం మానేశాను కదా, దేవుడు ఆ ఒక్కరోజే చూస్తాడనుకున్నానో ఏమో.

ఆ మాఘమాసంలో అంగిట్లో తెల్లటి మచ్చ లేచింది. ఫాల్గుణానికి అది పుండయింది. కారం సంగతి అటుంచి గంజి తగిలినా ప్రాణం లేచిపోయేది. సోములు, అంటే మా ఆయన, ఊళ్ళో పసర్లన్నీ పోయించాక విజయనగరంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ సర్జను డేవిడ్‌రాజు గారు. నల్లటి మనిషి, సన్నగా ఉంటారు, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ముక్క తీసి పరీక్షకి పంపి, వారం తర్వాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, "కేన్సరమ్మా. అంగిలి, కుడివైపు పైదవడ తీసెయ్యాలి. తీసేస్తే బతుకుతారు" అన్నారు.

"తియ్యకపోతే బాబూ?" అన్నాడు సోములు.

"తియ్యకపోతే అది మిమ్మల్నే తీసుకుపోతుంది."

వార్డులో నా పక్క మంచం కూర్మమ్మది. పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డు ఊరు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. భర్త పోయాడు. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి ఒక్క కూతురు రాణికి పెళ్ళి చేసింది. రాణి పగలు వచ్చి కూర్చుని, చంటిబిడ్డ కోసం సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. చేరిన మొదటిరోజే కూర్మమ్మ నా మంచం మీదికి వంగి అడిగింది.

"నీకూ నిప్పు లోపలేనా అక్కా?"

"లోపలే."

"ఎవులు నేర్పినారు?"

"మా అత్త."

"నాకూ అత్తే. ఆవిడికేటీ రాలేదు సూడు. ఎనబయ్యేళ్ళు బతికి, పోయే ముందు రోజు కూడా సెరుకు కొరికింది. రోగం కూడా కోడళ్ళనే సూసుకుంటాది."

నవ్వితే ఇద్దరికీ నొప్పే. అయినా నవ్వుకున్నాం.

ఆవిడ గొంతు గురించి చెప్పాలి. ఒక మధ్యాహ్నం వార్డంతా కునుకు తీస్తుంటే, "నువ్వెలగ అమ్ముతావే?" అని అడిగాను. కూర్మమ్మ లేచి కూర్చుని, చెయ్యి చెవికి ఆనించుకుని, "కవళ్ళో... పండుగొప్పలో..." అని ఒక్క అరుపు అరిచింది. అంగిట్లో పుండు పెట్టుకుని కూడా ఆ గొంతు కిటికీలోంచి రోడ్డు దాకా వెళ్ళింది. నర్సు పద్మజ పరుగెత్తుకొచ్చింది.

"ఇది ఆస్పత్రా, సంతా?"

"కోప్పడకమ్మా, నీకైతే కొసరేస్తాను" అంది కూర్మమ్మ.

మూడు వీధుల అవతల ఉన్నవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వస్తారట ఆ గొంతుకి. "నాకు తూకం రాదు, లెక్క రాదు. ఈ గొంతొకటే ఆస్తి" అనేది.

ఇలాంటి పెద్ద ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు విశాఖపట్నం నుంచి వారానికి ఒక్క లక్ష్మివారమే, అంటే గురువారమే, వచ్చేవాడు. ఒక లక్ష్మివారానికి ఒక్కరికే అయ్యేది. చైత్రం చివర్లో ఆయన ఇంట్లో పెళ్ళి. రాబోయే లక్ష్మివారం తర్వాత మళ్ళీ నెల రోజులకి గానీ రాడు. ఆ లక్ష్మివారం కూర్మమ్మది. నాకంటే ముందు చేరింది మరి.

"మీది నెల ఆగుతుందనే అనుకుంటున్నాను" అన్నారు డేవిడ్‌రాజు గారు నాతో. టార్చి వేసి చూసి, మళ్ళీ చూశారు. వారం కిందట చూసినప్పుడు లేని మచ్చ ఏదో కనబడినట్టుంది. ఆ "అనుకుంటున్నాను" అన్నది నాలో ముల్లులా దిగిపోయింది. ఆ రోజు ఆదివారం కాకపోయినా అన్నం మానేశాను. దణ్ణం పెట్టుకుందామంటే స్వామిని ఏం అడగాలో తెలియలేదు. ఆ తేదీ నాకిప్పించమని అడగడం అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకని అడగలేదు. అడగలేదని ఇప్పటికీ గట్టిగానే చెప్పగలను.

మంగళవారం పొద్దున్న డాక్టరుగారు కూర్మమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆయన పద్ధతి అది. కొయ్యబోయే ముందు, ఆపరేషనయిన మనిషి ఫోటో చూపించి, ముఖం ఎలా ఉంటుందో, నోట్లో ఎంత ఖాళీ వస్తుందో అంతా చెప్పేవారు. "దాచిపెట్టి కొయ్యనమ్మా నేను. తర్వాత ఆ ఖాళీలో ప్లేటు పెడతాం. అది పెట్టుకుంటే తినొచ్చు, మాట్లాడొచ్చు" అన్నారు. కూర్మమ్మ ఫోటో వంకే చూస్తూ కూర్చుంది. సరేనని తలాడించింది.

ఆ సాయంత్రం రాణి వెళ్ళిపోయాక ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఎండ ఇంకా గోడ మీదే ఉంది.

"అక్కా, డాక్టర్లు అలగే సెప్తారు. ప్లేటెడితే మాటొస్తాదంట. నమ్మీమంటావా?"

కూర్మమ్మ నా వైపు జరిగింది.

"నిన్న కుళాయి కాడ ఆ ముసిలాయన్ని సూసేవు గదా. మనకి జరిగేదే ఆయనకీ జరిగిందంట. మాటొస్తందా? నిజం సెప్పు. నువ్వు దేవుడి మనిషివి, నువ్వు సెప్తే నమ్ముతాను."

చూశాను. చూపించుకోడానికి వచ్చిన ఆ పెద్దాయన కుళాయి దగ్గర ప్లేటు తీసి కడుక్కుంటున్నాడు. పుక్కిలించిన నీళ్ళు ముక్కులోంచి కారాయి. కూతురితో ఏదో అన్నాడు. ఖాళీ కుండలో గాలి ఊదినట్టుంది తప్ప మాట లేదు. తర్వాత ప్లేటు పెట్టుకుని, మూతి తుడుచుకుని, టీ బండి వాడితో, "పంచదార తక్కువెయ్యి నాయనా" అన్నాడు. కాస్త ముక్కుతో అన్నట్టుంది గానీ ప్రతి అక్షరం వినబడింది.

"రాటం లేదే. ఒట్టి గాలే వస్తంది. నీళ్ళు ముక్కమ్మట కారిపోతన్నాయి" అన్నాను.

"ప్లేటెట్టినా?"

"ఏటో మరి" అన్నాను.

అంతే నేనన్నది. కూర్మమ్మ చెంగు దులుపుకుని లేచింది. "ఎల్లి తొంగుందాం పద" అంది.

బుధవారం తెల్లారేసరికి ఆవిడ మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి తలగడ మీద ఉంది. మొదటి బస్సుకి వెళ్ళిపోయిందని గేటు దగ్గర కాపలా అతను చెప్పాడు. రాణికి ఫోను చేస్తే మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. డాక్టరుగారు వచ్చి, ఆ మడత దుప్పటి పక్కన కూర్చున్నారు. డాక్టరు రోగి మంచం మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఫోటో చూపించి భయపెట్టినట్టున్నాను" అన్నారు ఆయనలో ఆయనే. నావైపు తిరిగి, "మీతో ఏమైనా అందా అమ్మా?" అని అడిగారు.

"నేదు బాబూ."

ఇది మాత్రం పూర్తి అబద్ధమే. దీని గురించి నాకు అనుమానమేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా మనుషుల్ని పంపి చూశారు. రాలేదు. సాయంత్రం ఆయన నా కాగితాలు తిప్పి, "రేపు మీకు చేస్తాం. ఏమీ తినకండి" అన్నారు. సోములు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఆయన పెట్టనివ్వలేదు. మత్తు డాక్టరు నా కోసం శుక్రవారం దాకా ఉండిపోయాడు. అతనికి పెళ్ళిపనులున్నా డాక్టరుగారు బతిమాలి ఆపారని పద్మజ చెప్పింది. కూర్మమ్మ కోసం లక్ష్మివారమంతా ఖాళీగా ఉంచారన్నమాట.

బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరుగారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నారు. బాప్టిస్టు చర్చివాళ్ళు. పెదాలు కదిలాయి. నేను ఆదిత్యుణ్ణి తలుచుకుందామనుకున్నాను. మడత పెట్టిన దుప్పటే కనబడింది.

తర్వాత రోజుల గురించి ఎక్కువ చెప్పను. ముక్కులో గొట్టం. సగం ముఖం నాది కానట్టు మొద్దు. అద్దంలో చూసుకుంటే కుడి బుగ్గ లోపలికి కుంగి, పాత గోడ విరిగినట్టుంది. డాక్టరుగారు పొద్దున్నా సాయంత్రం వచ్చి తనే గాజుగుడ్డ మార్చేవారు. నొప్పికి నేను ఆయన చెయ్యి రక్కేస్తే, "గోళ్ళు బాగున్నాయి, ఒంట్లో సత్తువుంది" అనేవారు. పదిహేనో రోజున ప్లేటు పెట్టి, "మీ ఆయన పేరు చెప్పండి" అన్నారు.

"మొగుడి పేరు సెప్పకూడదు బాబూ" అన్నాను.

వార్డంతా నవ్వింది. మాట వచ్చింది. సోములు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను మాత్రం ఆ మాట నా చెవికి స్పష్టంగా వినబడగానే ప్లేటు తీసి చేతిలో పెట్టుకున్నాను.

ఆషాఢంలో మొదటి వానలకి చూపించుకోడానికి వెళ్ళాను. బెంచీల మీద జనం. ఒక మూల రాణి కనబడింది. పక్కన ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషి. గుడ్డ పైన ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంది. నేను ఆలోచించకుండానే దగ్గరికి వెళ్ళిపోయాను.

"ఎలగున్నావే కూర్మమ్మా?"

రెండో కన్ను పైకెత్తి చూసింది. ముఖం చూడలేదు. నా నోటివంక చూసింది.

"మాటొచ్చింది నీకు" అంది. ఆవిడ మాటే ముద్దముద్దగా ఉంది.

నేను నోరు మూసుకున్నాను.

"బాగానే వచ్చింది. ఇంకేటైనా అను అక్కా, ఇంటాను."

రాణి మాకిద్దరికీ మధ్య ఏముందో తెలియక, "మా యమ్మకీ అలగే అవుద్దా పెద్దమ్మా?" అని అడిగింది. కూర్మమ్మే జవాబు చెప్పింది. "కాదే. ఇప్పుడు గంప ఇది ఎత్తుకుంటంది అక్కా. అరవడం రాదు దీనికి. సిగ్గు."

వాళ్ళని లోపలికి పిలిచారు. వాళ్ళు బయటికొచ్చేసరికి నేను మెట్ల కింద చాటుగా నిలబడ్డాను. కన్ను దాకా పాకిందని, ఇక కొయ్యడానికి లేదని తర్వాత తెలిసింది. నా పేరు ఆవిడ డాక్టరుగారితో చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన నన్నింకా అడిగేవారు కాదు. శ్రావణం రెండో వారంలో పోయింది.

ఆయన అడుగుతూనే ఉన్నారు. మొదట మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి వెళ్ళేదాన్ని. టార్చి ఆర్పి, చేతులు కడుక్కుంటూ, "పక్క మంచమే కదమ్మా. ఆ సాయంత్రం ఏమైనా అందా?" అనేవారు. ప్రతిసారీ "నేదు బాబూ" అనేదాన్ని. "ఆ ఫోటో చూపించకుండా ఉండాల్సింది" అని తల ఊపేవారు. కొత్తగా వచ్చి భయపడే ఆడవాళ్ళ దగ్గరికి నన్ను పంపించేవారు. నేను ప్లేటు తీసి, పెట్టి, మాట్లాడి చూపించేదాన్ని. "నా కత్తి కంటే మీ మాటే పనిచేస్తోంది" అనేవారు. ఆ మాటన్న రోజు ఇంటికొచ్చి అన్నం తినేదాన్ని కాదు.

మొన్న చైత్రానికి ఐదేళ్ళు నిండాయి. వైశాఖం నెలాఖరుకి డేవిడ్‌రాజు గారికి రిటైర్మెంటు. కొత్తవలసలో ఇల్లు కట్టుకున్నారట. సోములు మా పెరట్లో పనసకాయ కోసి భుజానికెత్తుకున్నాడు. గేటు దగ్గర కాపలా అతను ఆపాడు.

"ఇదేటి మావా, ఆస్పత్రికి పనసకాయేటి?"

"నా పెళ్ళాం నోరు బాగుసేసిన బాబుకిరా. ఐదేళ్ళయి ఆ నోరు పడతన్నది నాను. ఆయనకేటి తెలుసు?"

లోపల మాత్రం గొడవగా ఉంది. డాక్టరుగారి గది ముందు ఒక కుర్రమనిషి చేతులు విసురుతున్నాడు. వెనకాల గోడ వైపు తిరిగి ఒకామె కూర్చుని ఉంది. పేరు అమ్మడు అట. నెల కిందట ఆపరేషనయింది.

"బతుకుతాదని సెప్పేరు, బాగానే ఉన్నాది. ముకం ఇలగయిపోద్దని సెప్పొద్దా? మా యప్ప అద్దం సూసుకుని నూతిలో పడబోయింది. ముందు సెప్పుంటే మనసు రాయి సేసుకుని వచ్చును గదా" అంటున్నాడు తమ్ముడు.

డాక్టరుగారు తలొంచుకుని విన్నారు. "తప్పే నాయనా" అన్నారు. "అందరికీ ముందే చెప్పేవాణ్ణి ఒకప్పుడు. మానేశాను." అమ్మడు దగ్గర కింద గొంతుక్కూర్చుని ఏదో చెప్పారు. ఆమె తిరగలేదు.

ఒక్క కూర్మమ్మ సంగతే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా "నేదు బాబూ" ఇంకా ఎంతమంది ముఖాల మీదికి వెళ్ళిందో నేను లెక్కలోకే తీసుకోలేదు.

పిలిచారు. సోములు పనసకాయ బల్ల కింద పెట్టి, నాలుగు మాటలు మాట్లాడి, నన్ను చూస్తారని బయటికి వెళ్ళాడు. డాక్టరుగారు టార్చి వేసి, ప్లేటు తియ్యమని, చాలాసేపు చూశారు. ప్లేటు పెట్టుకున్నాను.

"శుభ్రంగా ఉందమ్మా. ఐదేళ్ళు దాటింది. ఇంక మీరు రానక్కర్లేదు." కుళాయి తిప్పారు. "నేనూ ఉండను."

ఈసారి ఆయన అడగలేదు. అలసిపోయి ఉన్నారు. అడగకపోతే వెళ్ళిపోవచ్చు. గుమ్మం నాలుగడుగులు.

"బాబూ, కూర్మమ్మ ఫోటో సూసి ఎల్లిపోలేదు."

ఆయన వెనక్కి తిరగలేదు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"ప్లేటెడితే మాటొస్తాదా అని నన్నడిగింది. ముసిలాయన్ని నాను రెండు రకాలా సూసేను, ప్లేటు తీసినప్పుడూ, ఎట్టుకున్నప్పుడూ. తీసినప్పటిదే సెప్పేను. ఎట్టుకున్నది సెప్పలేదు."

కుళాయి కట్టేశారు.

"అడిగినా చెప్పలేదా?"

"అడిగింది. ఏటో మరి అన్నాను."

"మీ తేదీ నెల తర్వాత కదూ అప్పటికి."

"అవును బాబూ."

"అందుకా?"

"అదే తెలీదు. అందుకు కాదని సెప్పలేను. అందుకేనని సెప్పడానికి నోరు రాటం లేదు."

తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. ఒక్కో వేలూ తుడుచుకున్నారు. ఆయన నన్ను తిడతారని చూశాను. క్షమించానంటారేమోనని కూడా చూశాను, అబద్ధమెందుకు. రెండూ చెయ్యలేదు. కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీది ఫోను తీసుకున్నారు. ఆయన చోట్లోకి వచ్చే కుర్ర డాక్టరుకి చేశారు.

"త్రినాథ్, రేపు లక్ష్మివారం ఆపరేషను ఆమెతో మాట్లాడావా? లేదా. ఈరోజే మాట్లాడు. ఫోటో చూపించు... అవును, నేనే వద్దన్నాను. చూపించు. ముఖం సంగతి చెప్పు, ప్లేటు సంగతి చెప్పు, అంతా చెప్పు. ఇకనుంచి అందరికీ అలాగే... లేదయ్యా, ఏమీ జరగలేదు. నేను పొరబడ్డాను."

నేను చేతులు జోడించి అక్కడే నిలబడి ఉన్నాను. నా పేరు ఆయన ఎత్తలేదు.